స్ట్రాబెర్రీ బ్రీడింగ్: ల్యాబ్‌లోనా, పొలంలోనా?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది చదువుతున్నాను. స్ట్రాబెర్రీలో కొత్త రకాలు తయారుచేసే పరిశోధన చేయాలని ఉంది. జీన్ ఎడిటింగ్ వచ్చాక బ్రీడింగ్‌కు విలువ ఉండదని స్నేహితులు అంటున్నారు. పీజీలో ఏం తీసుకోవాలి?

జవాబు: జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ తీసుకోండి. మీ బయోటెక్ చదువు అక్కడ బాగా అక్కరకొస్తుంది. ఆ మాటలకు టెన్షన్ పడకండి.

మనలో క్రోమోజోములు రెండు సెట్లుంటే, సాగు స్ట్రాబెర్రీలో ఎనిమిది సెట్లు, మొత్తం 56 ఉంటాయి. అడవి స్ట్రాబెర్రీ జీనోమ్‌ను, అంటే దాని మొత్తం డీఎన్ఏ సమాచారాన్ని, 2011లోనే చదివినా, సాగు రకమైన కామరోసా జీనోమ్ క్రోమోజోముల స్థాయిలో చేతికొచ్చింది 2019లో. ఒక జన్యువును ఎడిట్ చేయాలన్నా, దాన్ని పోలిన ప్రతులు చాలానే అడ్డొస్తాయి. పైగా రుచి, దిగుబడి లాంటివి ఏ ఒక్క జన్యువు చేతిలోనూ ఉండవు.

ఇప్పటికి బయోటెక్ పెద్ద సాయం ఎంపికలో. మొగ్గ విచ్చకముందే చిమటాతో కేసరాలు తీసేసి, వేరే రకం పుప్పొడిని బ్రష్‌తో అద్దుతారు. ఆ పండు గింజల నుంచి వచ్చే మొక్కల్లో ఏ రెండూ ఒకలా ఉండవు. వేలకొద్దీ మొక్కలను కాపు దాకా పెంచడమంటే మాటలా? అందుకే లేత ఆకు ముక్క తీసి డీఎన్ఏ మార్కర్లతో, అంటే ఫలానా జన్యువు ఉందని చెప్పే డీఎన్ఏ గుర్తులతో, పరీక్షిస్తారు. ఫ్యుజేరియం ఎండు తెగులును తట్టుకునే జన్యువు ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. లేనివి పొలం దాకా రావు.

ఆ తర్వాత పని మనిషిదే. కాయ గట్టిదనం చూడాలి, రుచి చూడాలి, మొక్క మొక్కకూ రాసుకోవాలి. నాకు ఈ రంగంలో బాగా నచ్చేది ఇదే: వేలల్లో ఒక్క మంచి మొక్క దొరికితే చాలు, దాని తీగ పిలకలన్నీ తల్లి పోలికే. వైరస్ కూడా పిలకల వెంటే వస్తుంది కాబట్టి టిష్యూ కల్చర్‌తో శుభ్రమైన మొక్కలు తయారుచేస్తారు. మీకు ఆ పని వచ్చే ఉంటుంది.

మీకు లోటు స్టాటిస్టిక్స్‌లో ఉండొచ్చు. లెక్కల విశ్లేషణకు వాడే ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెట్టండి. సీటు తీసుకునే ముందు ఆ విభాగానికి సొంత బ్రీడింగ్ పొలం ఉందో లేదో తప్పకుండా అడగండి.

ఈలోగా ఒక పండు గింజలు వేసి, ఓ ఇరవై మొక్కలు పెంచండి. ఆకులు, పూత, కాయల్లో తేడాలు వారంవారం నోట్‌బుక్‌లో రాయండి. ఆ నోట్‌బుక్‌ను ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి.