వాల్వ్ పీకించకు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

ఘాట్ ఎక్కుతుంటే నీ కారులో ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా పోయిందనీ, షెడ్డువాడు "థర్మోస్టాట్ వాల్వ్ పీకేస్తే సరి" అన్నాడనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పీకించకు. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌లో తిరగనివ్వకుండా ఆపేది అదే. నేనొకసారి పీకించా. ఎండాకాలం బాగానే తిరిగింది. చలికాలం పొద్దున్నే ఎంత దూరం పోయినా ఇంజిన్ వేడెక్కదు, పెట్రోలు మాత్రం తెగ తాగేసేది.

ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ ఎంతుందో చూడు. వేడి మీద రేడియేటర్ మూత జోలికి పోకు. నా ముంజేతి మీద మచ్చ చిన్నప్పటి నుంచీ చూస్తున్నావుగా, అది దాని పుణ్యమే. కూలెంట్ తగ్గితే ఎక్కడ కారుతోందో వెతుకు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడే వేడెక్కి, హైవే ఎక్కగానే దిగితే ఫ్యాన్‌ని అనుమానించు.

ఇవేవీ కాకపోతే, పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఇంజిన్ నుంచి రేడియేటర్‌కి పోయే పై హోస్‌ని, అదే రబ్బరు గొట్టాన్ని, తాకి తాకి చూడు. ఫ్యాన్‌కీ బెల్టుకీ చెయ్యి దూరంగా ఉంచు. కాసేపు చల్లగా ఉండి, ముల్లు మధ్యకొచ్చాక గభాలున కాలాలి. మొదటి నుంచీ మెల్లగా వెచ్చబడుతుంటే వాల్వ్ తెరుచుకునే ఉండిపోయినట్టు. ముల్లు పైకి పోతున్నా హోస్ చల్లగానే ఉంటే మూసుకుని బిగుసుకుపోయినట్టు. వెంటనే ఇంజిన్ ఆపెయ్. కొన్ని బళ్లలో వాల్వ్ కింది హోస్ వైపుంటుంది, అప్పుడు ఆ హోస్‌ని చూడాలి.

ఇంకా నమ్మకం కుదరకపోతే విప్పించి ఇంటికి తెచ్చుకో. దాని మధ్యలో చిన్న ఇత్తడి డబ్బీ ఉంటుంది, అందులో మైనం. వేడికి ఆ మైనం ఉబ్బి వాల్వ్‌ని తోస్తుంది, అంతే దాని పనితనం. అంచు మీద 82 అనో 88 అనో వేసి ఉంటుంది, అది తెరుచుకోవడం మొదలయ్యే డిగ్రీ. వాల్వ్ సందులో దారం ఇరికించి, అడుగుకి తగలకుండా నీళ్లగిన్నెలో వేలాడదీసి కాచు. తెరుచుకోగానే దారం వదిలి టప్పున పడుతుంది. నీళ్లు తెర్లుతున్నా వేలాడుతూనే ఉంటే అది పోయినట్టే. మీ అమ్మ పాలగిన్నె మాత్రం తీసుకోకు.

కొత్తది వేయించేటప్పుడు మైనం డబ్బీ ఇంజిన్ వైపుండాలి, కూలెంట్ కారకుండా అతుకులో వేసే గ్యాస్కెట్ కూడా కొత్తదే వెయ్యమను. కూలెంట్ నింపాక లోపలి గాలి తీయించకుండా షెడ్డు నుంచి కదలకు. గాలి చిక్కుకుంటే ముల్లు మళ్లీ ఎగబాకుతుంది, నువ్వు కొత్త వాల్వ్‌ని తిట్టుకుంటావు.

మీ మావయ్య