మీ గొడవ బావమరిదితో కాదు

"నాకు 33 ఏళ్లు. మాదాపూర్‌లో ఉద్యోగం. పెళ్లయింది, ఒక పాప. చిన్నప్పటి నుంచీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మా ఊరి క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2025 అక్టోబర్‌లో ఊరొదిలి ఢిల్లీ వెళ్లిపోయింది. ఒక్కరైనా ఇదేమిటని అడిగారా? రెండు నెలలకే మెస్సీ ఉప్పల్ వస్తే జనం ఎగబడ్డారు, ముఖ్యమంత్రి గారు కూడా బూట్లు కట్టుకుని దిగారు. ఈ దేశంలో క్రికెట్, సినిమా హీరోలు, పార్టీలు తప్ప ఇంకేదీ ఎవరికీ పట్టదు. మా బావమరిదికి ఆ మూడూ పిచ్చే. కలిసిన ప్రతిసారీ గొడవే. సంక్రాంతికి మాటా మాటా పెరిగి వాళ్లింట్లో కంచం ముందు నుంచి లేచి వచ్చేశాను. వచ్చే నెల అతని పెళ్లి. ఆత్మగౌరవం చంపుకుని వెళ్లాలా? వెళ్తే అతని నోరు మూయించేలా ఏం చెప్పాలి?"
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

పెళ్లికి వెళ్లండి. ఇందులో తర్జనభర్జన ఏముంది? పెళ్లికొడుక్కి మీ ఆవిడ తోబుట్టువు. ఆడపడుచు హోదాలో పందిరంతా తిరగాల్సిన మనిషి, "మీ ఆయన రాలేదేం?" అని అడిగిన ప్రతి పెద్దమ్మకీ పిన్నికీ ఒక్కో అబద్ధం చెప్పుకుంటూ నిలబడాలా? ఆవిడ మీ ఉత్తరంలో కనిపించింది ఒక్కచోటే, అదీ "తను కూడా తమ్ముడి వైపే" అనడానికి. సంక్రాంతి రోజు మీరు లేచి వచ్చేశాక ఆ కంచం ఎవరు తీశారో, వాళ్ల అమ్మానాన్నలకి ఎవరు సర్దిచెప్పారో ఒకసారి ఇంట్లో అడగండి. ఇక బావమరిది నోరు మూయించే మాటలు నా దగ్గర లేవు. ఉన్నా చెప్పను.

మీ ఉత్తరం ఆరు పేజీలు. పైన వేసింది అందులో కొంచెమే. మిగతాదంతా ఆట గురించే. శ్రద్ధగా చదివాను. మీ బాధలో చాలావరకు న్యాయం ఉంది, అది ముందు చెప్పాలి.

1950 నుంచి 1954 దాకా ఐదేళ్లు వరుసగా బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలుచుకొచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మనది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. ఆయన చేతి కింద భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చింది. ఆ జట్లలో ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. 2023లో ఆయన కన్నుమూస్తే, ఇక్కడ ఎంతమందికి తెలిసిందని మీరు అడిగారు. సరైన ప్రశ్నే. రహీం గారి జీవితం మీద 2024లో సినిమా వచ్చింది. తీసింది బొంబాయి వాళ్లు, హిందీలో. ఆయన తిరిగిన ఊళ్లోనే ఇన్ని స్టూడియోలు పెట్టుకుని మనవాళ్లకి ఆ కథ ఎందుకు తోచలేదని మీరు కోప్పడ్డారు. నాకూ కోపమే. ఒకప్పుడు బంతి ఆడిన లాల్ బహదూర్ స్టేడియం ఇప్పుడు ప్రమాణ స్వీకారాల వేదికగానే జనానికి గుర్తుంటోందన్నారు. కాదనలేను.

కానీ క్రికెట్ మీ ఆటను చంపిందన్నది మాత్రం ఒప్పుకోను. పోలీసు శాఖ, రైల్వే, మిలిటరీ ఆటగాళ్లకి ఉద్యోగమిచ్చి నిలబెట్టుకున్న కాలం వెళ్లిపోయింది. కుర్రాళ్లు ఆడుకున్న ఖాళీ జాగాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. అందులో మీ బావమరిది పాపం ఏముంది? సినిమాకి మొదటి రోజు మొదటి ఆటకి వెళ్లి కాగితాలు చింపి ఎగరేస్తాడని అతన్ని వెర్రివాడన్నారు. గచ్చిబౌలి గ్యాలరీలో హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు చొక్కా వేసుకుని గొంతు పోయేదాకా అరిచిన మీకు ఆ వెర్రి అర్థం కాకపోవడమే నాకు వింతగా ఉంది. మరొకటి కూడా గుర్తుంచుకోండి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది పుణె క్లబ్ మూతపడి ఖాళీ అయిన చోటులోకే. ఆ రోజు పుణెలో మీ వయసు కుర్రాళ్లు ఏడ్చే ఉంటారు. మన ఊళ్లో ఎవరం పట్టించుకోలేదు.

సరే, ఆట సంగతి ఇక్కడికి ఆపుతాను.

ఈ ఆరు పేజీల్లో మీ నాన్నగారు ఎన్నిచోట్ల వచ్చారో మీరు చూసుకోలేదు. నేను చూశాను. రహీం గారు 1963లో పోయారు. మీరు పుట్టింది ఆ తర్వాత ముప్పై ఏళ్లకి. ఆయన బడిపిల్లలకి చెప్పినంత ఓపికగా ఆటగాళ్లకి చెప్పేవారని మీకెవరు చెప్పారు? నాన్న. సిటీ పోలీస్ మ్యాచ్ ఉందంటే మీ తాతగారు డ్యూటీ మార్పించుకునేవారని ఎవరు చెప్పారు? నాన్న. భుజాల మీద ఎక్కించుకుని లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లిందీ ఆయనే. 2022 మార్చి 20 రాత్రి గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. ఒకటి ఒకటితో సమమై పెనాల్టీల దాకా వెళ్లింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, మనవాళ్లు కప్పు ఎత్తారు. ఆ గంటా మీరు ఎక్కడున్నారు? బొల్లారంలో, నాన్న పక్కన, టీవీ ముందు. అరగంటలో వెళ్లిపోదామనుకుని వచ్చి ఆ రాత్రి అక్కడే పడుకున్నానని మీరే రాశారు.

ఇంత రాసి, ఆయన గురించి చనిపోయిన మనిషి గురించి రాసినట్టు రాశారు. నేను నిజంగా అలాగే అనుకున్నాను. ఐదో పేజీ అడుగున ఒక్క వాక్యం తగిలింది: "నాన్న బొల్లారంలోనే ఉంటారు, ఎలక్షన్లప్పటి నుంచి మాటల్లేవు." అంతే. వెంటనే మళ్లీ క్లబ్ యజమానుల మీదికి వెళ్లిపోయారు.

అసలు జరిగింది ఆరో పేజీలో ఉంది, అదీ బావమరిది మీద చాడీగా. 2024 మే 13, పోలింగ్ రోజు రాత్రి. మీ ఇంట్లో అందరూ భోజనాలకి కూర్చున్నారు. నాన్న తాను ఎవరికి ఓటేసిందీ చెప్పారు. ఫోన్‌లో వచ్చిన చెత్తంతా నమ్మేవాళ్లకి ఓటెందుకని మీరన్నారు. బంతి తప్ప దేశం గురించి నీకేం తెలుసని ఆయనన్నారు. అప్పుడు మీ నోట ఆ మాట వచ్చింది: "ఆ బంతి నేర్పడం ఒక్కటే నువ్వు నాకు చేసిన మంచి."

కోడలి ముందు, కోడలి తమ్ముడి ముందు.

ఆ గదిలో నోరు విప్పింది మీ బావమరిది ఒక్కడే. "బావా, పెద్దాయన్ని అలా అనకు" అన్నాడు. అది మీకు నీతిపాఠంలా తగిలింది. "నాకే బుద్ధులు చెబుతాడా" అని రాశారు. నాయనా, అతని క్రికెట్ మీదా, అతని హీరో మీదా మీకు కోపం లేదు. ఆ మాట మీరు అంటుండగా అతను చూశాడు, తప్పని అప్పుడే చెప్పాడు. అతని మొహం కనబడిన ప్రతిసారీ ఆ రాత్రి గుర్తొస్తుంది. అందుకే అతను ఏం మాట్లాడినా మీకు సహించడం లేదు.

మీ నాన్నగారూ తక్కువ తినలేదు, నిజమే. ముప్పై దాటిన కొడుకుని, సంసారి అయిన వాడిని, పెళ్లాం ముందు అంత మాట అనకుండా ఉండాల్సింది. మీకు పౌరుషం రావడం సహజం. కానీ ఆయన మీకు తెలివి లేదన్నారు. మీరు ఆయన చేసిన దానికంతటికీ విలువ లేదన్నారు. రైల్వే జీతం మీద మిమ్మల్ని ఇంజినీరింగ్ చదివించిన మనిషిని పట్టుకుని అన్నారు. ఈ రెండు మాటలూ ఒకే తూకంలో పెట్టడం నా వల్ల కాదు. ఆత్మగౌరవం గురించి రెండు పేజీలు రాశారు. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి బొల్లారం వెళ్లిపోయిన మనిషికి కూడా అది ఉంటుందన్న ఆలోచన ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

ఇక రాజకీయం. ఆయన పార్టీని మీరు ఒప్పుకోవాలని నేను అనను. మీ అభిప్రాయం మార్చుకోమనీ అనను. ఓటు ఆయన సొంతం, మీ ఓటు మీ సొంతం. ఇంట్లో తండ్రి ఏ పార్టీ అయితే పిల్లలూ అదే పార్టీ అనే పద్ధతి నాకు నచ్చదు. కానీ మీరిద్దరూ ఎవరి కోసం విడిపోయారో ఒకసారి చూడండి. దేశంలో ఫుట్‌బాల్‌ను నడిపే సమాఖ్య కుర్చీ సంగతి మీరే ఏకరువు పెట్టారు. రెండు దశాబ్దాలు కాంగ్రెస్ నాయకుడు ప్రియరంజన్ దాస్‌మున్షీ. తర్వాత ఎన్సీపీ ప్రఫుల్ పటేల్. ఆయన పదవీకాలం ముగిశాక కూడా ఎన్నికలు జరగక, కోర్టు నియమించిన కమిటీ చేతికి పెత్తనం వెళ్లి, 2022 ఆగస్టులో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన దేశాన్నే సస్పెండ్ చేసింది. అది తొలిగిన కొద్ది రోజులకే ఎన్నిక. ఆ ఎన్నికలో బైచుంగ్ భూటియా అంతటి ఆటగాడికి ఒకే ఒక్క ఓటు పడింది. 33 ఓట్లతో గెలిచిన కల్యాణ్ చౌబే ఒకప్పుడు గోల్‌కీపర్, ఇప్పుడు బీజేపీ నాయకుడు. మూడు పార్టీలవాళ్లూ ఆ కుర్చీలో కూర్చున్నారు, ఆట మాత్రం బాగుపడలేదు. ఇది మీ అభిప్రాయమే. మీ నాన్నగారిని అడిగితే ఆయనా ఇదే చెబుతారు, ఎందుకంటే మీకు ఇలా చూడటం నేర్పింది ఆయనే.

జకార్తా కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా గుర్తుచేస్తాను. 1962లో ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేసియా రానివ్వలేదు. అది తప్పని మన దేశ ప్రతినిధి సోంధీ గట్టిగా అన్నారు. జకార్తా జనం మండిపడ్డారు, మన దౌత్య కార్యాలయం మీద దాడి జరిగింది. ఫైనల్ రోజు స్టేడియం నిండా జనం, మన జట్టు కనబడితే చాలు ఈలలు, కేకలు. అంత గోలలోనూ గ్యాలరీలో కొందరు మనవాళ్ల కోసం అరిచారని ఆనాటి ఆటగాళ్లు చెప్పుకునేవారు. వాళ్లు పాకిస్తాన్ హాకీ జట్టు. దేశవిభజన జరిగి అప్పటికి పదిహేనేళ్లే. ఆ ఇద్దరి మధ్య ఉన్న రాజకీయం ముందు మీ ఇంటి రాజకీయం ఎంత? ఈ కథ కూడా మీరు నాన్న దగ్గరే విని ఉంటారని నా అనుమానం.

చేయాల్సింది చెబుతాను. ఆ పెళ్లికి మీ నాన్నగారికి వియ్యంకుడి హోదాలో పిలుపు వెళ్లే ఉంటుంది. మీ మామగారు స్వయంగా బొల్లారం వెళ్లి బొట్టు పెట్టి పిలిచి ఉంటారు. మీరు వెళ్లకపోయినా ఆయన వెళ్తారు, మర్యాద తెలిసిన మనిషి కనక. కొడుకు లేని ఆ పందిట్లో వియ్యాలవారి ముందు ఆయన్ని ఒంటరిగా కూర్చోబెట్టకండి.

ఈ ఆదివారమే బొల్లారం వెళ్లండి. మీ ఆవిడనీ పాపనీ తీసుకెళ్లకండి. పాపను అడ్డం పెట్టుకుంటే ఆయన మనవరాలిని ఎత్తుకుని ఆడిస్తారు, అసలు మాట పక్కకి పోతుంది. వాట్సాప్‌లో సారీలు పంపకండి. ఆయన ఎదురుగా కూర్చుని, "ఆ రోజు నేనన్నది తప్పు" అనండి. "నువ్వు కూడా" అని మొదలయ్యే వాక్యం ఏదీ వద్దు. ఆయన వెంటనే మెత్తబడకపోవచ్చు, లేచి లోపలికి వెళ్లిపోవచ్చు కూడా. కూర్చోండి. అన్నం వేళ దాకా కూర్చోండి.

దాంతో సగమే అవుతుంది. నలుగురిలో అన్న మాటను నాలుగు గోడల మధ్య దిద్దుకుంటే చాలదని నా నమ్మకం. అందుకని పెళ్లికి నాన్ననీ అమ్మనీ మీరే కారులో తీసుకెళ్లండి. విడిగా వస్తామంటే ఒప్పుకోకండి. అక్కడ బావమరిదితో, "ఆ రోజు నువ్వన్నదే సరైంది" అని నాన్న వినేలా చెప్పండి. అంతకుమించి ఒక్క మాట అక్కర్లేదు. తర్వాత అతను తన హీరో సినిమా గురించి గంటసేపు చెప్పినా వినండి, మీరు మెస్సీ గురించి చెబితే అతనూ వింటాడు.

వెళ్తున్నట్టు అమ్మకి ముందుగా చెప్పకండి. ఆవిడ ఫోన్‌లో మీతో మాట్లాడుతుంటే నాన్న లేచి బయటికి వెళ్లిపోతున్నారని రాశారు. చెబితే ఆవిడ ఇటు మిమ్మల్ని బతిమాలి, అటు ఆయన్ని బతిమాలి మళ్లీ రాయబారం మొదలుపెడుతుంది. ఇన్నాళ్లూ ఆవిడ చేసింది చాలు.