యుద్ధం పేరు చెప్పి ఓటు అడిగేవారిని నమ్మవచ్చా? పెట్రోలు బంకులో పనిచేసే మనిషిగా నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మీ అన్నయ్య, తమ్ముడు ఉక్రెయిన్ యుద్ధం మీద వాదులాడుకుంటున్నారు. యుద్ధం వచ్చినా రష్యా చమురు తెప్పించి మోదీ దేశాన్ని కాపాడారని అన్నయ్య అంటున్నారు. యుద్ధాన్ని సాకుగా చూపి జనం జేబులు ఖాళీ చేశారని తమ్ముడు అంటున్నాడు. ఎవరి మాట నిజమని మీరు అడిగారు.

నేను చౌటుప్పల్ దగ్గర, హైదరాబాద్–విజయవాడ రహదారి మీద ఒక పెట్రోలు బంకులో చాలా ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. నా మొగ్గు ఎటో ముందే చెప్పడం న్యాయం. తాత కాలం నుంచి మా ఇంటిది ఎర్రజెండా. 1952లో రావి నారాయణరెడ్డి గారిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపిన నల్లగొండలో ఇది విశేషమేమీ కాదు. బీజేపీ మీద నా మాట కటువుగా అనిపిస్తే అందుకు కారణం మీకు తెలిసే ఉంటుంది. కానీ అంకెలకు నా జెండాతో సంబంధం లేదు. అవి ఉదయం 6 గంటలకు మా మిషన్లలో మారే ధరలు, నేను పుస్తకంలో ఎక్కించినవి.

మీ తమ్ముడి మాటకే నేను దగ్గరగా ఉన్నాను. అయితే ఆయన ఒక సంగతి దాటవేస్తున్నాడు. దాని దగ్గరకు తరువాత వస్తాను. ముందు తేదీలు చూడండి.

2017 జూన్ నుంచి పెట్రోలు, డీజిల్ ధరలను రోజూ సవరించే పద్ధతి వచ్చింది. ప్రపంచ మార్కెట్టును బట్టి పైసల్లో పెరుగుతాయి, తగ్గుతాయి అన్నది అప్పుడు చెప్పిన మాట. 2021 నవంబరు 4న కేంద్రం ఎక్సైజు సుంకం తగ్గించాక హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 108 రూపాయల 20 పైసలకు వచ్చింది. ఆ అంకె అక్కడే ఆగిపోయింది. ఉత్తరప్రదేశ్, పంజాబ్ సహా ఐదు రాష్ట్రాల ఎన్నికల ప్రచారం సాగింది, అంకె కదలలేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దూసుకెళ్లింది. ముడిచమురు ఆ రోజే పీపా 100 డాలర్లు దాటింది, మార్చి మొదటి వారాల్లో 139 డాలర్ల దాకా ఎగబాకింది. మా మిషన్ మీద మాత్రం అదే 108.20. మార్చి 10న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. మార్చి 22 నుంచి పెంపు మొదలైంది. 16 రోజుల్లో 14 సార్లు పెంచారు. ఏప్రిల్ 6 నాటికి ధర 119 రూపాయల 49 పైసలు.

137 రోజులు కదలని ధర ఫలితాలు వచ్చిన 12 రోజులకు కదిలింది. యుద్ధమే కారణమైతే ఫిబ్రవరిలోనే పెరగాలి కదా? ఈ ప్రశ్నకు ఇంతవరకు ఏ నాయకుడి నోటా నేను జవాబు వినలేదు.

ఆ మార్చిలో బంకులో ఉన్నవాళ్లకు మాత్రమే కనిపించిన విషయం ఇంకొకటి ఉంది. డీజిల్‌కు అప్పట్లో రెండు ధరలు ఉండేవి. మా దగ్గర లారీ డ్రైవరు, ట్రాక్టరు రైతు కొనే చిల్లర ధర ఒకటి. ఆర్టీసీ, కర్మాగారాలు టోకున కొనే ధర మరొకటి. టోకు ధర మీద ఎన్నికల పట్టు లేదు కనుక అది ప్రపంచ మార్కెట్టుతో పాటే పైకి పోయింది. రెండింటి మధ్య తేడా లీటరుకు 25 రూపాయల దాకా వచ్చింది. డిపోలో సొంత బంకులు ఉన్న ఆర్టీసీ, ఆ ధర భరించలేక బస్సులను బయట బంకులకు పంపింది. ఎర్రబస్సులు మా బంకు ముందు వరుసగా నిలబడితే లారీ డ్రైవర్లు ఆశ్చర్యంగా చూసేవారు. అదే రిఫైనరీ, అదే ట్యాంకరు, అదే డీజిల్. ఓటు ఉన్న మనిషి కొనేదానికి ఒక ధర, ఓటు లేని సంస్థ కొనేదానికి ఇంకో ధర. ఆ భారం చివరికి ప్రయాణికుల మీదే పడింది. ఏప్రిల్‌లో పల్లెవెలుగు టిక్కెట్టుకు 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌కు 5 రూపాయలు డీజిల్ సెస్సు వేశారు.

అది యాసంగి కోతల కాలం. హార్వెస్టర్లు రోజుకు ఎంత డీజిల్ తాగుతాయో రైతులను అడగండి. డబ్బాలు పట్టుకుని వచ్చిన రైతులు పొద్దున ఒక ధర, మరునాడు ఇంకో ధర చూసి మా పిల్లలను తిట్టేవారు. పంపు పట్టుకునే కుర్రాళ్లు ఏం చేస్తారు పాపం. ధర నిర్ణయించేది వాళ్లు కాదు, మా యజమాని కూడా కాదు. అదే వారాల్లో వడ్ల కొనుగోలు మీద రెండు ప్రభుత్వాలు కొట్లాడుకుంటున్నాయి. ముఖ్యమంత్రి కేసీఆర్ ఏప్రిల్ 11న ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. వడ్లు కొనేదెవరో తెలియదు, డీజిల్ ధర ఎక్కడ ఆగుతుందో తెలియదు. మా ప్రాంత రైతు ఆ యుద్ధాన్ని చూసింది టీవీలో కాదు, ఇక్కడ.

ఇప్పుడు మీ తమ్ముడు దాటవేసే సంగతి. ఆ 16 రోజుల్లో ఢిల్లీలో పెట్రోలు 10 రూపాయలు పెరిగితే హైదరాబాద్‌లో 11 రూపాయల 29 పైసలు పెరిగింది. ఎందుకంటే తెలంగాణ పెట్రోలు మీద వేసే వ్యాట్, అంటే రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను, 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. శాతం లెక్కన వేసే పన్ను కాబట్టి అసలు ధర పెరిగిన ప్రతిసారీ రాష్ట్ర ఖజానాకు కూడా వాటా పెరుగుతుంది. 2021 నవంబరులో కేంద్రం సుంకం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తమ వ్యాట్ కూడా తగ్గించాయి. మన రాష్ట్రం తగ్గించలేదు. కేంద్రం దోచింది అనేవారు ఈ అంకె కూడా పలకాలి.

2022 నవంబరు 3న జరిగిన మునుగోడు ఉపఎన్నికను నేను దగ్గరుండి చూశాను, చౌటుప్పల్ ఆ నియోజకవర్గంలోనిదే. ప్రచార వాహనాలు బారులు తీరేవి. పార్టీ తేడా లేకుండా స్లిప్పులు పట్టుకుని వచ్చి ఆయిల్ పోయించుకునేవారు, డబ్బు సాయంత్రానికి ఎవరో వచ్చి కట్టేవారు. తెరాస సభల్లో ప్రధాన అస్త్రం గ్యాస్ బండ ధర. బీజేపీ కార్యకర్తల జవాబు ఉక్రెయిన్ యుద్ధం. మా ఊరి కుర్రాడు ఒకడు కాషాయ కండువాతో బండి నింపించుకుంటూ, "బాబాయ్, ప్రపంచమంతా మండుతుంటే మన ఒక్కరికే చవకగా ఎట్లా వస్తుంది?" అని అడిగాడు. మంచి పిల్లవాడు, నిజంగా నమ్మి అడిగాడు. నేను లెక్క చెప్పాను. హైదరాబాద్‌లో 14.2 కిలోల బండ 2020 నవంబరులో 646 రూపాయల 50 పైసలు. 2021 అక్టోబరుకే 952 రూపాయలు. అప్పటికి యుద్ధం ఊసే లేదు. యుద్ధం తరువాత 2022 జూలైకి 1,105 రూపాయలు. పెరిగిన 458 రూపాయల్లో 305 యుద్ధానికి ముందే పెరిగాయి. మిగిలిన మూడో వంతు యుద్ధం ఖాతాలో రాయమన్నాను. అతను వాదించలేదు, కానీ సాయంత్రం మళ్లీ మైకులో పాత మాటే చెప్పాడు. పార్టీ ఇచ్చిన మాట అది.

గులాబీ కండువావాళ్లను వ్యాట్ గురించి అడిగితే మాట మార్చారు. మావాళ్ల సంగతీ చెప్పాలి. ఆ ఉపఎన్నికలో సీపీఐ, సీపీఎం తెరాసను బలపరిచాయి. మా సభల్లో ఎక్సైజు సుంకం మీద గంటసేపు మాట్లాడినవారు 35.2 శాతం మాట ఎత్తలేదు. యుద్ధం గురించి అయితే తప్పంతా అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటోదే అన్నారు. నాటో తూర్పుకు పాకిన మాట నిజమే. కానీ సరిహద్దు దాటి ట్యాంకులు పంపింది రష్యా. బలవంతుడు పొరుగువాడి ఇంట్లోకి తుపాకీతో వస్తే ఎదురు నిలబడాలని మాకు నేర్పింది ఈ నల్లగొండ నేల. ఆ పాఠం మాస్కో దగ్గరకు రాగానే మారకూడదని నేను సమావేశంలోనే అన్నాను. పెద్దలకు నచ్చలేదు. ఇప్పటికీ అదే అంటాను.

రష్యా చమురు కొనడం తప్పని నేను అనను. మన అవసరంలో ఎక్కువ భాగం దిగుమతి చేసుకునే దేశం మనది, చవకగా దొరికినప్పుడు కొనాల్సిందే. ఇందులో మీ అన్నయ్య మాటే సరి. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం లోపు, 2023కల్లా మూడో వంతు దాటింది. నా గొడవ ఆ తరువాతి సంగతితో. కేంద్రం ఎక్సైజు సుంకం మళ్లీ తగ్గించాక, 2022 మే నెలాఖరు నుంచి హైదరాబాద్‌లో పెట్రోలు 109 రూపాయల 66 పైసల దగ్గర గడ్డకట్టుకుపోయింది. ముడిచమురు ఆ డిసెంబరుకు 80 డాలర్ల దగ్గరకు దిగినా మా మిషన్ దిగలేదు. కంపెనీలు పాత నష్టాలు పూడ్చుకోవాలన్నారు. నష్టం నిజమే, 2022 ఏప్రిల్–సెప్టెంబరు మధ్య మూడు ప్రభుత్వ చమురు సంస్థలకు కలిపి 21 వేల కోట్లకు పైగా వచ్చింది. కానీ 2023–24లో అవే మూడు సంస్థల లాభం 80 వేల కోట్లు దాటింది. వాహనదారుడికి దక్కింది లీటరుకు సుమారు 2 రూపాయలు. అదీ 2024 మార్చి 15న. మరునాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు ప్రకటించారు. గ్యాస్ బండ మీద 100 రూపాయల తగ్గింపు కూడా అదే మార్చిలో, 8వ తేదీన వచ్చింది. 2023 డిసెంబరులో రాష్ట్రంలో అధికారంలోకి వచ్చిన కాంగ్రెస్ 500 రూపాయల బండ పథకం తెచ్చింది, సంతోషం. పెట్రోలు వ్యాట్ శాతాన్ని మాత్రం అదీ ముట్టుకోకుండానే ఆ ఎన్నికలకు వెళ్లింది.

ధరల సంగతి ఎలా ఉన్నా, నన్ను నిజంగా బాధపెట్టినది వేరే. 2024 ఎన్నికల ముందు బీజేపీ ప్రచార చిత్రం ఒకటి అందరి ఫోన్లలో తిరిగింది. ఉక్రెయిన్ నుంచి వచ్చిన అమ్మాయి, మోదీ యుద్ధం ఆపించి మమ్మల్ని తెచ్చారని తండ్రితో చెబుతుంది. పిల్లలను తెచ్చిన మాట వాస్తవం. ఆపరేషన్ గంగ కింద 90 విమానాలు నడిచాయి, అందులో 14 వాయుసేనవి. ఆ పని చేసినవారికి చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ యుద్ధం ఆగిందన్నది అబద్ధం. ఎవరో బాంబు దాడులు నిలిపివేశారనడం ఏమాత్రం సరికాదని 2022 మార్చి 3న విదేశాంగ శాఖ అధికార ప్రతినిధి అరిందమ్ బాగ్చీయే చెప్పారు. సురక్షిత మార్గాలు, సమయాల సమాచారం మనకు అందింది, దాని ప్రకారం పిల్లలను బయటకు రమ్మన్నారు, అంతే.

ఆ చిత్రం తిరుగుతున్న రోజుల్లోనే నారాయణపేట జిల్లా యువకుడు ఒకడు ఉక్రెయిన్ యుద్ధరంగంలో రష్యా సైన్యం దగ్గర చిక్కుకుని ఉన్నాడు. రష్యాలో సహాయకుల ఉద్యోగాలని యూట్యూబులో ఆశపెట్టిన ఏజెంట్లు అతనిలాంటి వారిని నమ్మించి పంపారు. అదే వలలో పడిన హైదరాబాద్ యువకుడు మార్చిలోగా ప్రాణం పోగొట్టుకున్నాడు. సీబీఐ కేసు కూడా ఆ నెలలోనే నమోదైంది. మా చెల్లెలి అత్తవారిల్లు మక్తల్. మే 13 పోలింగుకు ముందు అక్కడికి వెళ్లాను. మహబూబ్‌నగర్ స్థానంలో పోటీ హోరాహోరీగా ఉంది, చివరికి డీకే అరుణ గారు సుమారు 4,500 ఓట్లతో గెలిచారు. నేను విన్న ప్రసంగాల్లో పాకిస్తాన్ ఉంది, రాముడు ఉన్నాడు, రిజర్వేషన్లు ఉన్నాయి, రైతు రుణమాఫీ ఉంది. ఆ పిల్లవాడు లేడు. అధికార పక్షాలు సరే, ప్రతిపక్షమైనా ఆ పేరెత్తి నిలదీయడం నేను వినలేదు. జూలైలో మాస్కోలో మోదీ ఈ విషయాన్ని పుతిన్ దగ్గర ప్రస్తావించారు, సెప్టెంబరులో ఆ యువకుడు కర్ణాటక యువకులతో కలిసి ఇంటికి చేరాడు. ఆ మేలు మేలే, కాదనను. పోలింగుకు ముందు అడిగేవాడు ఉంటే ముందే జరిగేదేమో అన్న బాధ మాత్రం పోవడం లేదు.

2025 డిసెంబరు సర్పంచి ఎన్నికల్లో పార్టీ గుర్తులు లేకపోయినా మా చుట్టుపక్కల ఊళ్లలో టీ కొట్టు చర్చంతా రష్యా చమురు కొంటున్నామని ట్రంప్ మన సరుకుల మీద వేసిన సుంకాలే. ఆ ఆగస్టులో యూరియా బస్తా కోసం సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడింది కూడా ఆ ఊళ్లవాళ్లే. మీ అన్నయ్యను ఆ 137 రోజుల గురించి, మీ తమ్ముడిని 35.2 శాతం గురించి అడగండి. కోపగించుకుంటే నా పేరు చెప్పండి, ఫర్వాలేదు.

ఇంకొక పని వాదన పక్కన పెట్టి ఇద్దరూ కలిసి చేయాలి. పాలమూరు నుంచి పని కోసం పోయే పిల్లలు మీ బంధువుల్లో కూడా ఉంటారు. రష్యాలో గాని మరెక్కడ గాని ఉద్యోగమని ఏజెంటు ఫోను చేస్తే, విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూడాలి. సందర్శక వీసా మీద పంపి అక్కడికి వెళ్లాక ఉద్యోగ పత్రాలు ఇప్పిస్తానంటే పాస్‌పోర్టు అతని చేతికి ఇవ్వవద్దు. అర్థం కాని భాషలో ఉన్న ఒప్పందం మీద సంతకం చేయవద్దని గట్టిగా చెప్పండి. నారాయణపేట పిల్లవాడి తరువాత కూడా అలాంటి ప్రకటనలు నా ఫోనుకే వచ్చాయి.