ఓడిన ఆటల కాగితాలు పారేయకు

అమ్మలూ,

చదరంగం టోర్నమెంటుకి పేరిచ్చావని మీ నాన్న చెప్పాడు. ఓపెనింగులూ ఎండ్‌గేములూ మీ కోచ్ చూసుకుంటాడు, వాటి జోలికి నేను రాను. ఆటగాళ్ల మధ్య చాలా ఏళ్లు గడిపిన పెదనాన్నగా మిగతా సంగతులు చెబుతాను.

మొదటి రౌండు ఓడిపోవచ్చు. ఆ సంగతి ముందే తెలిస్తే బెంబేలెత్తవు. స్విస్ పద్ధతిలో అందర్నీ రేటింగు, అంటే ఆట బలం చెప్పే అంకె, వరసలో పెట్టి, జాబితాని సగానికి చీల్చి, పై సగంలో మొదటివాణ్ణి కింది సగంలో మొదటివాడితో ఆడిస్తారు. నీకింకా రేటింగు లేదు కాబట్టి ఉండేది కింది సగంలోనే, ఎదురయ్యేది గట్టివాళ్లే. అయితే ఓడినంత మాత్రాన ఇంటికి పంపరు. తర్వాతి రౌండులో నీలాగే ఓడినవాళ్లతో కూర్చోబెడతారు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ (తక్కువ టైములో ఆడే చదరంగం) పోటీలో కోనేరు హంపి మొదటి రౌండు ఓడిపోయింది. చివరికి 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో టైటిల్ తనే గెలిచింది. ఆ మొదటి ఓటమి తర్వాత ఆమె గదిలో ఏం చేసిందో నాకు తెలీదు గానీ, రెండో రౌండుకి వచ్చి కూర్చుంది కదా, నాకు అది చాలు. ఒకటి రెండు ఓడగానే మధ్యలో మానేసి వెళ్లిపోయేవాళ్లని చాలామందిని చూశాను. వాళ్ల మీద నాకు జాలి లేదు. ఆ రోజు వాళ్లతో ఆడాల్సినవాడు ఖాళీ కుర్చీ ఎదుట కూర్చుని గడియారం చూసుకోవాలి.

ముట్టుకున్న పావుని ఆడాల్సిందే అన్న నియమం నీకు తెలుసు. పావుని గడిలో సరిగ్గా సర్దుకోవాలంటే ముందే చెప్పి ముట్టుకోవాలి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, నువ్వు ఏనుగు మీద వేలు పెట్టావు, అంతలో మంత్రి పోతుందని కనిపించింది, చెయ్యి వెనక్కి లాగావు. ఎదుటివాడు తల వంచుకుని ఎత్తు రాసుకుంటున్నాడు. తీర్పు చెప్పే ఆర్బిటర్ ఎక్కడో అవతలి వరసలో ఉన్నాడు. ఎవరూ చూడలేదు. అప్పుడు ఆ ఏనుగునే ఆడు. ఆట పోతే పోనీ. ఒకసారి దబాయించి బయటపడ్డావంటే రెండోసారి చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. పెద్దయ్యాక ఉద్యోగంలోనూ ఆ అలవాటు వెంటే ఉంటుంది.

ఇక అసలు విషయానికొస్తాను. ఆట ఓడి, చెయ్యి కలిపి, ఎత్తులు రాసుకున్న కాగితం, అదే స్కోరు షీటు, మీద సంతకం పెట్టాక నీకు అక్కణ్ణించి పారిపోవాలనిపిస్తుంది. పారిపోకు. నిన్ను ఓడించినవాణ్ణి, "ఒక్కసారి ఆట చూద్దామా?" అని అడుగు. చాలామంది ఒప్పుకుంటారు, గెలిచినవాడికి మాట్లాడాలని మహా ఉబలాటంగా ఉంటుంది. హాల్లో కాకుండా బయట ఒక బోర్డు వెతుక్కుని మొదటి ఎత్తు నుంచి వెయ్యండి. నీ ఎత్తులకి సంజాయిషీలు చెప్పకు, అతని ఆలోచన అడుగు. "ఇక్కడ నాకు భయం వేసింది, నువ్వు బంటు తోస్తావేమో అనుకున్నా" అంటాడు. నీకు ఆ బంటు ఊసే తట్టి ఉండదు. కంప్యూటరుకిస్తే క్షణంలో మంచి ఎత్తు చూపిస్తుంది, కాదనను. కానీ ఎదుటి మనిషి ఎక్కడ వణికాడో దానికి తెలీదు. నువ్వు చిత్తుగా ఓడాననుకున్న ఆటలో అతనికి చెమటలు పట్టించిన చోటు ఒకటి ఉందని అతని నోటే వినాలి. అలా విన్నాక అతని మీద కోపం నిలవదు. నాకున్న పాత స్నేహాల్లో కొన్ని అలా మొదలైనవే.

ఆ స్కోరు షీటు మీద ఎత్తుల పక్కన ఇంకోటి కూడా రాసుకో: ఏ ఎత్తుకి ఎంత టైము మిగిలిందో. నెల తర్వాత చూస్తే నీ తీరు నీకే తెలుస్తుంది. తెలిసిన చోట ఇరవై నిమిషాలు కూర్చుని, తెలియని చోట గబగబా ఆడేసేవాళ్లే ఎక్కువ.

గెలుస్తున్నప్పుడు లేచి పక్క బోర్డులు చూడ్డానికి తిరగకు. సమానంగా ఉందని చెప్పి డ్రాకి తొందరపడకు. 2024లో సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ కోసం గుకేశ్, డింగ్ లిరెన్ ఆడిన పోటీలో చివరిదైన పద్నాలుగో ఆట డ్రా అవుతుందనే చాలామంది అనుకున్నారు. గుకేశ్ మాత్రం ఒక బంటు ఎక్కువ ఉంది కదా అని ఆడిస్తూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగుని తప్పు గడిలో పెట్టాడు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు 7.5-6.5తో ప్రపంచ విజేత అయ్యాడు. అదృష్టం అన్నవాళ్లూ ఉన్నారు. ఆ ఎత్తు దాకా ఆటని లాగింది ఎవరు మరి?

ఒక్క విషయం మీ నాన్నతో మాట్లాడాలి. నువ్వు హాల్లోంచి బయటికి రాగానే "ఏమైంది, గెలిచావా?" అని ఎదురు రావద్దని, ముందు మంచినీళ్లిచ్చి ఊరుకోమని. నువ్వు చెబితే వినడు, నేనే ఈ రాత్రికి ఫోను చేస్తాను.

మీ పెదనాన్న