ఏవీ1 వీడియోకి పాత ల్యాప్‌టాప్ ఎందుకు ఆయాసపడుతుంది?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ 2017 నాటిది. ఆన్‌లైన్‌లో హెచ్‌డీ వీడియోలు ఆగి ఆగి వస్తున్నాయి, ఫ్యాన్ హోరెత్తిపోతోంది. నెట్ వేగం బాగానే ఉంది. ఏవీ1 కోడెక్ (వీడియోను కుదించి, చూసేటప్పుడు విప్పే పద్ధతి) వల్లే అంటున్నారు. అసలు అదెందుకు వచ్చింది? వద్దనుకోవచ్చా?

జవాబు: కారణం అదేనా అన్నది ముందు తేల్చుకోండి. యూట్యూబ్‌లో అయితే వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ నొక్కండి. కోడెక్స్ వరుసలో ఏవీ01 అని ఉంటే ఏవీ1, వీపీ09 అయితే వీపీ9, ఏవీసీ1 అయితే హెచ్.264 (ఈ రెండూ ఏవీ1 కంటే పాత కోడెక్‌లు). ఫ్రేమ్స్ వరుసలో ‘డ్రాప్డ్’ అంకె చకచకా పెరుగుతోందంటే ప్రాసెసర్ అందుకోలేకపోతోందన్నమాట.

ఏవీ1ని తేలిగ్గా విప్పాలంటే అందుకు ప్రత్యేక భాగం చిప్‌లోనే ఉండాలి. ఇంటెల్‌లో 11వ తరం, ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 30, ఏఎండీలో ఆర్‌ఎక్స్ 6000 సిరీస్ (6400, 6500 ఎక్స్‌టీ తప్ప), ఐఫోన్లలో 15 ప్రో నుంచి అది వచ్చింది. మీ ల్యాప్‌టాప్‌లో ఆ భాగం లేదు కాబట్టి ఆ చాకిరీ అంతా ప్రాసెసర్ మీద పడుతోంది. ఆ కాలపు చిప్‌లలో చాలావాటికి వీపీ9ని విప్పే భాగం మాత్రం ఉంటుంది. అందుకని యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ‘ప్లేబ్యాక్ అండ్ పర్ఫార్మెన్స్’కి వెళ్లి, ఏవీ1 దగ్గర ‘ప్రిఫర్ ఏవీ1 ఫర్ ఎస్‌డీ’ (అంటే తక్కువ నాణ్యత వీడియోలకే ఏవీ1) ఎంచుకోండి. ఆ తర్వాత మళ్లీ స్టాట్స్ చూడండి. హెచ్‌డీకి వీపీ09 కనిపిస్తే పని అయినట్టే.

ఇక ఏవీ1 ఎందుకు వచ్చిందంటే, కోడెక్ వాడినందుకు పేటెంట్లు ఉన్నవారికి కట్టాల్సిన రాయల్టీల బెడద తప్పించడానికి. ఆన్2 అనే కంపెనీ 2001లో తన వీపీ3 కోడెక్ కోడ్‌ను అందరికీ ఇచ్చేసింది. దాన్నుంచే జిఫ్ (Xiph) అనే సంస్థ థియోరా అనే ఉచిత కోడెక్‌ను తయారుచేసింది. 2008లో 1.0 వెర్షన్ వచ్చేనాటికి నాణ్యతలో హెచ్.264 చాలా ముందుకెళ్లిపోయింది. 2010లో గూగుల్ ఆన్2ని కొని వీపీ8ని ఉచితం చేసింది, 2013లో వీపీ9 వచ్చింది. అదే ఏడాది హెచ్.264 తర్వాతి తరంగా వచ్చిన హెచ్‌ఈవీసీ కుదింపులో దిట్టే. కానీ దాని పేటెంట్ల కోసం ఒకటికి మించి పూల్స్ (పేటెంట్లను కలిపి రాయల్టీ అడిగే బృందాలు) పుట్టుకొచ్చాయి, ఎవరికెంత కట్టాలో తయారీదారులకే అంతుపట్టలేదు. విసిగిపోయిన గూగుల్, మొజిల్లా, సిస్కో, నెట్‌ఫ్లిక్స్, మైక్రోసాఫ్ట్, ఇంటెల్, అమెజాన్ 2015లో ఒక కూటమిగా ఒక్కటయ్యాయి. గూగుల్ వీపీ10, మొజిల్లా డాలా, సిస్కో థోర్‌లలోని మంచిని కలిపి 2018లో ఏవీ1 ఇచ్చాయి. దీనిమీదా రాయల్టీ రావాలంటూ పేటెంట్ల లైసెన్సులు చూసే సిస్వెల్ అనే కంపెనీ ఒక పూల్ పెట్టింది, కూటమి ఒప్పుకోలేదు.

తేడా మీ విండోస్‌లోనే కనిపిస్తుంది: మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఏవీ1 ఎక్స్‌టెన్షన్ ఉచితం, హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్‌కి డబ్బు కట్టాలి.

దించుకున్న ఏవీ1 ఫైళ్లకు వీఎల్‌సీ ప్లేయర్ కొత్త వెర్షన్ వాడండి. అందులోని డేవ్1డీ డీకోడర్ (ఏవీ1ని విప్పే సాఫ్ట్‌వేర్) చాలా చురుకైనది, 720పీ వరకు పాత ప్రాసెసర్‌తోనూ సాధారణంగా నెట్టుకొస్తుంది. 4కేకి మాత్రం ఆశ పెట్టుకోకండి.