తలంబ్రాల తుప్ప తీసి పచ్చిక పెంచడం: కాశీనగర్ మెట్టకి జవాబు

కాశీనగర్ దగ్గర 3 ఎకరాల కొండవాలు మెట్ట, తలంబ్రాల తుప్పలు (లాంటానా) కమ్మేసి పశువులకి గడ్డి లేదు, పైగా అడవిపందులు తవ్వేస్తున్నాయి, విల్లంబులతో కొట్టొచ్చా అని అడిగారు.

పందుల్ని కొట్టొద్దండి. 1972 నాటి వన్యప్రాణి చట్టానికి తుపాకీ అయినా విల్లయినా ఒకటే. అనుమతి లేకుండా కొడితే కేసే. బాణం తగిలి చావని పంది తుప్పల్లో దూరితే, మర్నాడు ఆవుల వెనక వెళ్లేవాడి ప్రాణం మీదికొస్తుంది. అటవీశాఖ రేంజి ఆఫీసులో అర్జీ పెట్టండి. తుప్ప పోతే వాటికి పగలు దాక్కునే చోటూ పోతుంది. అసలు పని అక్కడుంది.

పైపైన నరికితే తుప్ప రెండింతలు లేస్తుంది, ఎందుకంటే పిలకలు పుట్టేది మట్టి అంచున ఉండే మొదలు నుంచి. తొలకరికి నేల మెత్తబడ్డాక, కాయ పండకముందే, మొదలు చుట్టూ మట్టి తీసి ఒకటి రెండు అంగుళాల లోతున తల్లివేరు కొట్టండి. పీకిన తుప్పని వేరు పైకుండేలా తలకిందులుగా పడేయండి. తడి మట్టికి ఆనిన వేరు మళ్లీ నాటుకుంటుంది. ఆకు పశువులకి అందకూడదు: ఆకలి మీదున్న ఆవు తిన్నదంటే కామెర్లొస్తాయి, ఎండ తగిలిన మూతీ చెవులూ పగిలి తోలు ఊడొస్తుంది. తెల్లచర్మం ఉన్నచోట మరీ. కాయలు తిన్న పిట్టలు వాలి గింజలు రాల్చే చెట్ల కింద రెండేళ్లపాటు మొలకలు పీకుతూనే ఉండాలి.

ఖాళీ అయిన నేలలో ఎకరాకి 2 కిలోల స్టైలో హమాటా (పప్పుజాతి మేత మొక్క), 2 కిలోల దీనానాథ్ గడ్డి వేయండి. స్టైలో గింజ తోలు గట్టిది, 80 డిగ్రీల వేడినీళ్లలో 4 నిమిషాలుంచి తీసి నీడన ఆరబెట్టాలి. సలసల మరిగే నీళ్లయితే ఉడికిపోతుంది. దీనానాథ్ గింజ దూదిలా ఎగురుతుంది, తడి ఇసుకలో కలిపి చల్లండి. నాగలితో కప్పొద్దు, సెంటీమీటరు మట్టి దాటితే మొలక పైకి రాదు. ముళ్లకంప ఈడిస్తే చాలు.

మొదటి ఏడాది ఒక్క దూడనీ మేతకి వదలకండి. చాలామంది చెడేది ఇక్కడే: లేత స్టైలోని ఆవు వేరుతో సహా లాగేస్తుంది. బెత్తెడు మోడు వదిలి కోసి ఇంటికి మోసుకెళ్లండి, కొంత గింజకి వదిలేయండి. రెండో ఏడాది నేలని నాలుగు ముక్కలు చేసి మార్చి మార్చి మేపండి, ఏటా ఒక ముక్కని గింజ రాలేదాకా ముట్టొద్దు.

ఇప్పపూల రోజుల్లో చెట్ల కింద ఆకు కాలుస్తారు, ఆ మంట ఎండుగడ్డి పట్టుకుని వస్తుంది. మాఘంలోనే హద్దు వెంట 10 అడుగుల వెడల్పున నేల చెక్కి పెట్టుకోండి.