పొద్దున్నే సర్వర్ పేరు ఎందుకు దొరకదు?

ప్రశ్న: మాది గుంటూరు అరండల్‌పేటలో ఆడిటర్ గారి ఆఫీసు. తొమ్మిది సిస్టమ్స్, ఒక విండోస్ సర్వర్. అందరం డొమైన్‌లోనే (సర్వర్ నడిపే ఆఫీసు నెట్‌వర్క్‌లోనే) లాగిన్ అవుతాం, క్లయింట్ల ఫైళ్లన్నీ సర్వర్‌లోనే ఉంటాయి. వారంలో రెండు మూడు రోజులు, అదీ పొద్దున పూట, నాలుగైదు సిస్టమ్స్‌లో సర్వర్ పేరు కొడితే దొరకడం లేదంటుంది. నెట్ మాత్రం బాగానే వస్తుంది. 192.168.1.10 అని నంబరు కొడితే ఫోల్డర్ తెరుచుకుంటుంది. కాసేపటికి దానంతట అదే సర్దుకుంటుంది. కేబుళ్లు, స్విచ్ మార్చి చూశాం. 20వ తేదీ దగ్గరపడితే జీఎస్టీ రిటర్నుల టెన్షన్‌కి ఇదొకటి తోడవుతోంది. ఏం చేయమంటారు సార్?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, నంబరు కొడితే తెరుచుకుంటోంది, పేరు కొడితే లేదు అన్నారు. ఆ ఒక్క మాట చాలు. కేబుళ్లలో తప్పేమీ లేదు, ఇంకో స్విచ్ కొనకండి. పేరుకు నంబరు వెతికి చెప్పే డీఎన్ఎస్ దగ్గరే చిక్కు.

ఇబ్బంది పెట్టే సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్ /ఆల్' కొట్టండి. 'డీఎన్ఎస్ సర్వర్స్' అన్నచోట 192.168.1.10 కింద 8.8.8.8 గానీ అలాంటి బయటి నంబరు గానీ ఉంటుందని నా నమ్మకం. ఎప్పుడో నెట్ స్లోగా ఉందంటే ఎవరో మంచికే పెట్టి ఉంటారు. 8.8.8.8 గూగుల్ 2009 నుంచి నడుపుతున్న పబ్లిక్ డీఎన్ఎస్. వెబ్‌సైట్ల పేర్లు దానికి దొరుకుతాయి. మీ గదిలో ఉన్న సర్వర్ పేరు దానికెలా తెలుస్తుంది?

మొదటి డీఎన్ఎస్‌కు తెలియని పేరు రెండోది చెబుతుందని చాలామంది అనుకుంటారు. నెట్‌వర్క్ పని చేసేవాళ్లు కూడా అనుకోవడం చూశాను. నిజానికి మొదటిది అసలు పలక్కపోతేనే విండోస్ రెండోదాని మాట వింటుంది. ఆ రెండోది 'అలాంటి పేరే లేదు' అంటే అదీ జవాబే, వెతకడం అక్కడితో ఆగిపోతుంది. పైగా ఒకసారి రెండోదానికి మళ్లిందంటే, మొదటిది లేచాక కూడా కొంతసేపు దాన్నే పట్టుకుని ఉంటుంది.

ఇక పొద్దున పూటే ఎందుకంటారా? రాత్రి అన్నీ ఆపేసి, పొద్దున్నే వచ్చినవాళ్లు అన్నీ ఒకేసారి ఆన్ చేస్తున్నారేమో చూడండి. సిస్టమ్స్ ముందే లేస్తాయి, సర్వర్‌కి ఇంకాసేపు పడుతుంది. ఆ సందులో అడిగిన సిస్టమ్స్ 8.8.8.8కి వెళ్లిపోతాయి. ఆలస్యంగా వచ్చి ఆన్ చేసినవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు.

నా మాట మీరే సరిచూసుకోవచ్చు. 'ఎన్ఎస్‌లుకప్' అని కొట్టి, పక్కన డొమైన్‌తో సహా సర్వర్ పూర్తి పేరు, ఆ తర్వాత 192.168.1.10 ఇవ్వండి. నంబరు చెబుతుంది. అదే పేరు పక్కన 8.8.8.8 ఇచ్చి చూడండి, 'నాన్-ఎగ్జిస్టెంట్ డొమైన్' అంటుంది.

ఇప్పుడు చేయాల్సింది. సిస్టమ్స్‌లో డీఎన్ఎస్‌గా 192.168.1.10 ఒక్కటే ఉండాలి. సెట్టింగ్ రౌటర్ నుంచి వస్తుంటే, సిస్టమ్స్‌కు ఈ నంబర్లు పంచే రౌటర్ డీహెచ్‌సీపీ పేజీలో మార్చండి. చేత్తో పెట్టినవి ఉంటే ఆ సిస్టమ్‌లోనే తీసేయండి. 8.8.8.8ని పారేయక్కర్లేదు, దాని చోటు సర్వర్‌లో ఉంది: డీఎన్ఎస్ మేనేజర్‌లో 'ఫార్వర్డర్స్' కింద పెట్టండి. బయటి పేర్లు సర్వరే దాన్ని అడిగి చెబుతుంది. తర్వాత ప్రతి సిస్టమ్‌నీ ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఇంత చేసినా తగ్గకపోతే, ఆ డీఎన్ఎస్ వరుసలోనే 'ఎఫ్ఈ80'తో మొదలయ్యే పొడుగాటి నంబరేమైనా ఉందేమో చూడండి. అది ఐపీవీ6 (పొడుగాటి నంబర్లు వాడే కొత్త పద్ధతి) దారిలో రౌటర్ తనను తానే డీఎన్ఎస్‌గా చెప్పుకోవడం. రౌటర్‌లో దాన్ని ఆపించండి.

సర్వర్ ఆగితే అందరికీ నెట్ పోదా అని అడుగుతారు. పోతుంది. అలాంటి రోజు రిటర్ను వేయాల్సిన ఒక్క సిస్టమ్‌లో 8.8.8.8 చేత్తో పెట్టుకుని పని కానివ్వండి, సాయంత్రం ఇంటికెళ్లే ముందు తీసేయండి. ఈలోగా రేపటి నుంచే సర్వర్ ముందు ఆన్ చేసి, దాని లాగిన్ స్క్రీన్ వచ్చాకే మిగతావి ఆన్ చేయమని మీవాళ్లకు చెప్పండి.